పరుగు పందెములో పరుగెత్తనివారు

పిల్లల పరుగు పందెమును చూడబోయినవారి కన్నులన్నియు పరుగెత్తువారిమీదనే యుండును. అది సహజమే. కాని ఆ పందెము నడచుటకు పరుగెత్తనివారు కొందరు కావలెను. తెల్లవారకముందే సున్నము కలిపి గీతలు గీయువాడొకడు, కొబ్బరిత్రాడు పట్టి దారులు విడదీయువారిద్దరు, ఈల వేయువాడొకడు, గడియారములు పట్టువారు ముగ్గురు, ముగింపుగీతకు ఇరుప్రక్కల కన్నార్పక కూర్చుండువారు నలుగురు, మంచినీళ్ల బిందెయొద్ద నొకడు, పడిన పిల్లను లేవనెత్తి మోకాలు కడుగుట కొకతె. వీరిలో నెవరికిని బహుమానము రాదు. మరునాటి పత్రికలో పేరు పడదు. వీరి చరిత్ర వ్రాసినవారును అరుదు. ఈ ప్రసంగమున మేము చెప్పదలచినది వారిని గురించియే.

ఇందుకు కోనసీమను ఎన్నుకొనుటకు కారణము కలదు. గౌతమి, వసిష్ఠ పాయల మధ్య, వైనతేయము నట్టనడుమ పారుచుండగా సముద్రమువరకు పరచుకొన్న ఈ లంకభూమిలో నూరు మీటర్ల పొడవున చదునైన పొడినేల దొరకుటయే యొక విశేషము. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై, కాలువలు పారిన పిమ్మట, ఇచ్చట ఊరక మిగిలిన నేల యనునది లేకపోయినది. వరిచేను కానిది కొబ్బరితోట. కొబ్బరితోట కానిది చెరువు. అదియు కానిది కాలువగట్టు. పిల్లవాడు పరుగెత్తవలెనన్న ఆ గట్టుమీద పరుగెత్తవలెను, లేదా కోతలైన చేలో వరిదుబ్బులు అరికాళ్లకు గ్రుచ్చుకొనుచుండగా పరుగెత్తవలెను. అందుచేత బడి మైదానము ఇచ్చట ఊరుమ్మడి ఆస్తివంటిది. సభకు అదే, తీర్థమునకు అదే, పందెములకును అదే.

కాలము విషయములోను ఈ సీమకు తనదైన లెక్క యొకటి యున్నది. బాలల దినము నవంబరు 14న వచ్చును. దేశమంతటను ఆ దినమున పిల్లలకు పోటీలు పెట్టుదురు. కాని కోనసీమలో నవంబరనగా తుపానుల మాసము. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన గాలివాన ఈ సీమ కొబ్బరితోటలను ఎట్లు నేలమట్టము చేసినదో పెద్దవారెవరును మరచియుండరు. కనుక సార్వా కోతలు ముగిసి, నేల ఆరి, ఎండ ఇంకను ముదరని సంక్రాంతి మొదలు గణతంత్రదినము వరకు గల రోజులే ఇచ్చట పిల్లల పందెములకు తగిన రోజులని మా అభిప్రాయము. అమలాపురము, రాజోలు, కొత్తపేట అనునవి తాలూకాలుగా ఉన్ననాడును, 1985లో మండలములు వచ్చినప్పుడును, 2022 ఏప్రిలు 4న అమలాపురము కేంద్రముగా వేరు జిల్లా యేర్పడిన పిమ్మటను ఈ లెక్క మాత్రము మారలేదు. ప్రభుత్వములు గీతలు మార్చగలవు గాని ఋతుపవనమును మార్చలేవు గదా!

పందెమనునది రాకముందు మనదేశమున పరుగు లేకపోలేదు. అయితే అది వినోదము కాదు, జీవనము. రైలును మోటారును లేని దినములలో సంచి భుజమున వేసికొని, గజ్జెలు కట్టిన ఈటె చేతబట్టి, ఒక మజిలీనుండి మరియొక మజిలీకి పరుగెత్తిన తపాలాబంట్లే మన మొదటి దూరపు పరుగుగాండ్రు. రేవు వచ్చినచోట పడవ. రేవు దాటినంతనే మరల పరుగు. వారు వచ్చిన వేళను, పోయిన వేళను వ్రాసికొను తపాలా గుమాస్తాను మనము మొదటి కాలపరీక్షకుడనవచ్చును. ఆయనకు జీతముండెను గనుక స్వచ్ఛందసేవకుడని మాత్రము అనలేము.

జీతము లేని న్యాయాధికారిని చూడవలెనన్న పిల్లల ఆటలలోనికి పోవలెను. దాగుడుమూతలలో ఒకరు కూర్చుండి దొంగ కన్నులు మూసి, అందరును దాగినారని తెలిసిన పిమ్మట విడిచిపెట్టుదురు. దాగినవారు తిరిగివచ్చి ముట్టుకొనవలసినదియు ఆమెనే. ఆమె దాగదు, వెదకదు, గెలువదు, ఓడదు. ఆమె పేరు 'తల్లి'. ఆటలో చేరక ఆటను నడపు వ్యక్తికి మన పిల్లలు పెట్టుకొన్న ఈ పేరు ఎంత సొగసైనదో చూడుడు! రిఫరీ, అంపైరు, స్టార్టరు మొదలైన మాటలన్నియు మనకు తరువాత వచ్చినవే.

ఆ మాటలు డ్రిల్లుతోపాటు వచ్చినవి. ఆంగ్లపాఠశాలలలో కవాతు నేర్పుటకు డ్రిల్లు మాష్టరులను నియమించిరి. వీరఘట్టములో పుట్టి విజయనగరములో పెరిగిన కోడి రామమూర్తినాయుడుగారు కలియుగభీముడని దేశవిదేశములలో పేరు పొందకముందు మద్రాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ పొందివచ్చి, విజయనగరములో డ్రిల్లు ఉపాధ్యాయులుగా పనిచేసినవారే. 1920లో హారీ క్రో బక్ అను అమెరికను మద్రాసులో వై.ఎమ్.సి.ఏ. వ్యాయామకళాశాలను స్థాపించెను. అచ్చట శిక్షణ పొందినవారు రాజధానియందలి ఉన్నత పాఠశాలలకు వ్యాపించిన పిమ్మట, కవాతు మాత్రమే యున్నచోట్ల పరుగులు, దూకుళ్లు, గుండువిసరుట, బంతియాటలు చేరినవి. సంవత్సరమున కొకమారు జరుగు ఆటల పండుగయు అట్లే పాదుకొన్నది. నూరు గజముల పరుగుతోపాటు గోనెసంచుల పందెము, మూడుకాళ్ల పందెము, నిమ్మకాయ-చెంచా పందెము చేరి, పరుగు రాని పిల్లకును ఒక ముచ్చట తీరినది.

ఇంచుమించు ఆ కాలముననే పూనాలో జరిగిన ఒక సంగతి ఇచ్చట చెప్పవలసియున్నది. 1919లో డెక్కన్ జింఖానా పోటీలను చూచుచున్న దొరాబ్జీ టాటాగారికి, చెప్పులు లేని కాళ్లతో దూరపు పందెములు పరుగెత్తిన రైతుబిడ్డలు కనబడిరి. వారి వేళలు ఐరోపావారి వేళలకు ఏమంత తీసిపోలేదని తెలిసినంతనే ఆయనకు ఒలింపిక్ ఆలోచన కలిగెను. 1920 ఆంట్వెర్ప్ క్రీడలకు భారతీయులు పోవుటకు అది నాంది. ఈ కథను చెప్పువారందరును టాటాగారి దూరదృష్టిని, ఆ రైతుబిడ్డల కాలిబలమును పొగడుదురు. మా మనస్సు మాత్రము మరియొకచోటికి పోవును. వారి వేగము టాటాగారికి ఎట్లు తెలిసినది? ఎవరో దూరము కొలిచిరి. ఎవరో గడియారము పట్టిరి. ఎవరో కాగితముమీద వ్రాసిరి. ఆ మూడు పనులును సరిగా జరుగనిచో ఆ పరుగు దుమ్ములో కలిసిపోయెడిది.

ఇక ఈ పనులు చేయువారు, అనగా కూలి కోరక సేవకు వచ్చువారు, మనదేశమున ఎట్లు పుట్టిరి? సేవాబుద్ధి కోనసీమకు కొత్త కాదు. వైనతేయమునానుకొన్న లంకల గన్నవరములో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళగాని వేళ వచ్చిన బాటసారులకు, రేవు దాటి వచ్చినవారికి కులమడుగక అన్నము పెట్టిన సంగతి ఆంధ్రదేశమంతయు నెరుగును. అచ్చటి కొత్త అక్విడక్టునకు ఆమె పేరే పెట్టిరి. 2024లో రాష్ట్రప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకమునకును ఆమె పేరే పెట్టినది. కాని సీతమ్మగారి సేవ ఒక గృహిణి తన యింటియందు చేసిన సేవ. పదిమంది కలిసి, ఒకరి ఆజ్ఞకు లోబడి, ఎవరి చోటున వారు నిలిచి చేయు సేవ వేరు. అది మనకు జాతీయోద్యమముతో వచ్చినది.

దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండు 1921లో చీరాల-పేరాల ఉద్యమమునందును, ఆ యేటనే బెజవాడలో జరిగిన అఖిలభారత కాంగ్రెసు సంఘ సమావేశమునందును చేసిన పని చరిత్రప్రసిద్ధము. అంతకన్న మన పందెపు గీతకు దగ్గరగా వచ్చు సంఘటన 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసు మహాసభలో జరిగినది. కోనసీమవారికి కాకినాడ దూరము కాదు; గౌతమి దాటిన చాలును.

ఆ సభకు సేవకులుగా పేర్లిచ్చినవారిలో రాజమహేంద్రవరములో 1909లో పుట్టిన దుర్గాబాయి యను బాలిక యొకతె. అప్పటికి ఆమెకు పదునాలుగేండ్లు. రాజమహేంద్రవరములో బాలికలకు హిందీ నేర్పు పాఠశాల నడపుచుండెను! సభాప్రాంగణమునకు ఆమె మరీ చిన్నదని తలచి, ప్రక్కనే యేర్పరచిన ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమువద్ద నిలిపిరి. టిక్కెట్టు లేనివారిని లోనికి విడువరాదని ఆజ్ఞ. జవహర్‌లాల్ నెహ్రూగారు వచ్చిరి. టిక్కెట్టు లేదు. బాలిక అడ్డగించెను. కార్యనిర్వాహకులు చూచి కోపగించిరి. ఆమె తొణకలేదు, తనకు చెప్పినపనినే చేయుచుంటినని బదులు చెప్పెను. టిక్కెట్టు తెచ్చిన పిమ్మటనే నెహ్రూగారు లోనికి పోయిరి. ఆ పిల్ల ధైర్యమును మెచ్చుకొనిరి. ఈమెయే తరువాత ఆంధ్రమహిళాసభను స్థాపించి, రాజ్యాంగసభలో కూర్చుండిన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు.

ఈ కథను బడిపుస్తకములలో ధైర్యమునకు ఉదాహరణముగా చెప్పుదురు. మాకు అంతకన్న ముఖ్యముగా తోచునది వేరొకటి. ద్వారమువద్ద నిలిచిన సేవకునికి ముందున్న మనిషి ఎవరైనను ఒకటే కావలెను. ఆ మహాసభలోనే డాక్టరు ఎన్.ఎస్. హర్డీకర్‌గారి ప్రయత్నముచేత హిందూస్థానీ సేవాదళము ఏర్పడినది. దానికి మొదటి అధ్యక్షులు ఆ నెహ్రూగారే. సేవకులకు అధ్యక్షుడు కాబోవువానిని ఒక బాలసేవిక వాకిట నిలిపిన సభ అది!

ఇటు బడులలో స్కౌటు ఉద్యమము వ్యాపించినది. అనీబిసెంటమ్మగారు మద్రాసులో 1916లో భారతీయ బాలుర స్కౌటు సంఘమును ఆరంభించిరి. 1918లో ఉత్తరదేశమున సేవాసమితి స్కౌటులు తలయెత్తిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట, 1950 నవంబరు 7న, వివిధ సంఘములు కలిసి భారత్ స్కౌట్సు అయినవి. మరుసటి యేడు గైడ్లును చేరిరి. కళాశాలలలో 1969 సెప్టెంబరు 24న జాతీయ సేవాపథకము 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో మొదలైనది. నేటికిని ఊరి బడిలో ఆటలపోటీ జరిగినచో త్రాళ్లు పట్టువారిలో సగము మంది ఈ రెండు సంస్థల పిల్లలే. విదేశములలోను ఇట్లే జరిగినది. 1912 స్టాక్‌హోము ఒలింపిక్ క్రీడలలో వార్తలు మోయుటకు, పనులందుకొనుటకు స్కౌటు బాలురే పనిచేసిరి. నూరేండ్లకు, 2012 లండను క్రీడలలో, వేతనము లేక పనిచేసినవారు సుమారు 70,000 మంది.

మాట వచ్చినది గనుక ఒక చిన్న విషయము. 'వాలంటీరు' అను మాట ఆంధ్రప్రదేశములో ఈ మధ్య వేరొక అర్థమును దాల్చినది. 2019 ఆగష్టు 15న ప్రభుత్వము గ్రామములందును పట్టణములందును నియమించినవారిని ఆ పేరనే పిలిచిరి. వారికి నెలకు 5,000 రూపాయల గౌరవవేతన ముండెడిది. ఆ యేర్పాటు తరువాత నిలిచిపోయినను మాట మాత్రము ఆ రంగును విడువలేదు. అందుచేత మేము ఇచ్చట 'స్వచ్ఛందసేవకుడు' అను పొడుగైన మాటనే వాడుచున్నాము. నాలుక తిరుగుట కొంచెము కష్టమే. రేడియోలో చదువుటకు మరింత కష్టము.

ఇక గీతయొద్దకు పోదము. పిల్లల పందెములో గడియారము పట్టుట సులభమని తోచును. మేము రేడియోవారము, సెకనులతో బ్రతుకువారము. వార్తలకు ముందు వినవచ్చు ధ్వనికొక క్షణము ముందైనను వెనుకైనను మాకు చెమట పట్టును. ఆ అలవాటు గల మాకే గీతయొద్ద నిలిచినప్పుడు ఆ పని యెంత కష్టమో తెలియుచుండును. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. నూరు మీటర్ల దూరమునుండి తుపాకి చప్పుడు మన చెవికి చేరుటకు సెకనులో మూడవవంతునకు కొంచెము తక్కువ కాలము పట్టును. చప్పుడు విని గడియారము నొక్కినవాడు పిల్లవాని పరుగునుండి అంత కాలము దొంగిలినట్లే. అందుచేత తుపాకి పొగను చూచి నొక్కవలెనని నియమము. తుపాకి లేనిచోట రెండు చెక్కలు పైకెత్తి కొట్టుదురు, లేదా జెండా దించుదురు. అదియు కంటితో చూచుటకే. అటు ముగింపునొద్ద పరుగు వచ్చుచుండగా వ్రేలు తొందరపడి ముందుగానే నొక్కుట మనిషికి సహజము. ఈ రెండు కారణములచేత చేతిగడియారపు కాలమునకును విద్యుద్యంత్రపు కాలమునకును నూరు మీటర్లలో ఇంచుమించు 0.24 సెకను భేదము లెక్కింతురు.

ముగ్గురు గడియారములు పట్టుట ఇందుకే. ఇద్దరిది ఒకటై మూడవది వేరైనచో ఇద్దరిదే నిలుచును. ముగ్గురివి మూడు విధములైనచో నడిమిది తీసికొందురు. సరాసరి కట్టరు సుమా! సరాసరి కట్టినచో మరీ తప్పు పట్టినవాని తప్పును అందరికి పంచినట్లగును. గీతను ఎవరు ముందు చేరిరనుటకు తలను గాని, చాచిన చేతిని గాని లెక్కింపరాదు, మొండెము చేరవలెను. చేతులు చాచి వచ్చు పిల్లలు గెలిచితిమని తలంచి ఎగిరి గంతులు వేయుదురు. వారికి మెల్లగా చెప్పవలసినవాడు గీతయొద్ద సేవకుడే. ఆ చెప్పుటలో చిరాకు ఉండరాదు.

ఇంత పట్టుదల యేల, పిల్లల పందెము గదా అని కొందరందురు. పెద్దల పందెములలో జరిగినవానిని చూచినచో తెలియును. 1908 లండను ఒలింపిక్కులలో మారథాను పరుగున ఇటలీదేశపు డొరాండో పియెత్రి అందరికన్న ముందుగా మైదానము చేరి, సొమ్మసిల్లి పడి, లేచి, మరల పడెను. జాలిపడిన అధికారులు చేయి పట్టి లేపి గీత దాటించిరి. ఆ చేతి సాయముచేతనే అతని గెలుపు పోయినది. వెనుక వచ్చిన అమెరికను జానీ హేస్‌కు బహుమానము దక్కినది. అలెగ్జాండ్రా రాణి డొరాండోకు వేరుగా ఒక పాత్ర నిచ్చి ఊరార్చినది గాని, పోయినది తిరిగి రాలేదు. ఆనాడు అధికారులు చెడ్డవారు కారు. మంచితనముచేతనే చెరచిరి.

1932 లాస్ ఏంజిల్స్ క్రీడలలో మూడువేల మీటర్ల అడ్డంకుల పరుగున చుట్లు లెక్కించువాడు లెక్క తప్పెను. పరుగుగాండ్రు ఒక చుట్టు అధికముగా పరుగెత్తవలసివచ్చెను. ఫిన్లండువాడైన ఇసో-హొల్లో ఎటులైనను గెలిచెను. కాని అసలు దూరము ముగిసినప్పుడు రెండవవాడుగా నున్న అమెరికను మెక్‌క్లస్కీ ఆ అధికపు చుట్టులో మూడవవాడయ్యెను. ఒకరు వేళ్లు మడచుటలో చేసిన పొరపాటునకు మరియొకరు చెల్లించిన వెల యది.

అన్నిటికన్న పెద్ద వెల చెల్లించినవారు బాలికలని మా అభిప్రాయము. 1928 ఆంస్టర్‌డాము క్రీడలలో స్త్రీలకు మొదటిసారిగా 800 మీటర్ల పరుగు పెట్టిరి. జర్మనీదేశపు లీనా రాద్కె గెలిచినది. తొమ్మండుగురు పరుగెత్తిరి, తొమ్మండుగురును ముగించిరి. కాని మరునాటి పత్రికలలో స్త్రీలు సొమ్మసిల్లి పడిపోయిరని, ఇది వారి దేహమునకు తగదని వ్రాసిరి. చూచినవారి సాక్ష్యము సరిగా లేనందున ఆ పరుగును తీసివేసిరి. 1960 రోము క్రీడలవరకు, అనగా 32 ఏండ్లు, అది తిరిగి రాలేదు. పరుగెత్తిన పిమ్మట ఒక మగపిల్లవాడు నేలమీద పడుకొన్నచో అలసినాడందురు. ఆడపిల్ల పడుకొన్నచో చచ్చిపోవుచున్నదందురు. ఈ చూపు మన ఊళ్లలోను చాలకాలముండెను. అందుకే బాలికలకు సూదిలో దారమెక్కించు పందెము, కుర్చీలాట మాత్రమే పెట్టినవారు కలరు. అట్టి దినములలోనే 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో రోషన్ మిస్త్రీ నూరు మీటర్ల పరుగున రజతపతకము పొందినది. 1952 హెల్సింకి ఒలింపిక్కులకు మేరీ డిసౌజా, నీలిమా ఘోష్ పోయిరి.

పదవవంతు సెకనులోను, నూరవవంతులోను ఏమున్నదని యడుగువారికి రెండు పేర్లు చెప్పిన చాలును. 1960లో రోములో మిల్ఖాసింగు 400 మీటర్ల పరుగున నాలుగవవాడయ్యెను; చేతిగడియారము ప్రకారము మూడవవానికిని ఆయనకును భేదము పదవవంతు సెకను. 1984లో లాస్ ఏంజిల్స్‌లో పి.టి. ఉషకు పతకము తప్పినది నూరవవంతులో.

అయితే గీతయొద్ద న్యాయము సరిపోదు. గీతవరకు ఎవరు వచ్చిరి, ఎవరు రాలేదు అనునది అంతకన్న ముందు అడుగవలసిన ప్రశ్న. రాజోలు ప్రాంతములోని మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్నగారు 'పాలేరు' అను నాటకమును వ్రాసిరి. పశువులవెంట పోవు పాలేరు పిల్లవాడు చదువుకొని పెద్ద ఉద్యోగియగుట అందలి కథ. ఆ నాటకము చూచి పనివిడిచి బడికి పోయిన పిల్లలు కలరని పెద్దలు చెప్పుదురు. దినమంతయు గేదెలవెంట పరుగెత్తిన ఆ పిల్లవానికన్న కాలిబలము గలవాడు ఊరిలో మరెవడుండును? కాని వానిపేరు బడి హాజరుపట్టీలో లేదు గనుక పందెపు పట్టీలోను లేదు. 2010 ఏప్రిలు 1నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ఆరునుండి పదునాలుగేండ్ల పిల్లలందరికిని బడిని హక్కు చేసినది. ఆ చట్టపు అనుబంధములో బడికి ఆటమైదానముండవలెననియు వ్రాసిరి. నేల దొరకని కోనసీమలో ఆ పంక్తిని పాటించుట ఎంత కష్టమో ఆ బళ్ల పంతుళ్లకే తెలియును.

వయస్సు మరియొక చిక్కు. 1954లో ఏర్పడిన భారత పాఠశాలల క్రీడాసమాఖ్య పోటీలను నేడు 14, 17, 19 ఏండ్లలోపువారికి వేరువేరుగా నడుపుచున్నారు. పూర్వము పిల్లల పుట్టుక ఏ వరదకో, ఏ గాలివానకో ముడిపెట్టి చెప్పుకొనువారు. బడిలో చేర్చునాడు పంతులు తనకు తోచిన తేదీని వేయువాడు. జనన మరణముల నమోదునకు 1969లో దేశమంతటికిని ఒక చట్టము వచ్చిన పిమ్మటను తేదీలు దిద్దుట పోలేదు. మీసము మొలిచిన పిల్లవానిని పదునాలుగేండ్లలోపు వరుసలో నిలుపుటకు వచ్చు పంతులుగారు సాధారణముగా గీతయొద్ద పనిచేయువానికి స్నేహితుడై యుండును, లేదా ఒకే ఊరివాడై యుండును. "ఒక్కసారికి చూచీచూడనట్లు పోనిండు మాష్టారూ, మన బడి గౌరవము" అనును. అప్పుడు ద్వారమువద్ద నిలిచిన దుర్గాబాయి యొక్క అవసరము మనకు తెలియును. ఒకరికి చేసిన ఉపకారము ఆ వరుసలో నిలిచిన మిగిలిన ఏడుగురి సొమ్ము.

ఇటీవలి సంఘటన యొకటి చెప్పుదుము. 2023 అక్టోబరు 1న చైనాలోని హాంగ్‌చౌలో ఆసియా క్రీడలలో నూరు మీటర్ల హర్డిళ్ల తుదిపరుగు. విశాఖపట్టణపు బిడ్డ జ్యోతి యర్రాజి వరుసలో నున్నది. ప్రక్కదారిలోని చైనా క్రీడాకారిణి వూ యన్నీ తుపాకికి ముందే కదలెను. ఆమె కదలుటచూచి జ్యోతియు కదలినది. 2010నుండి అమలులోనున్న నియమము ప్రకారము ఒక్క తప్పు ఆరంభమునకే పోటీనుండి తొలగింపవలెను. అధికారులు ఇద్దరిని తొలగించుటకు సిద్ధపడిరి. పరాయిదేశము, నిండిన మైదానము, ఎదుట ఆతిథ్యదేశపు క్రీడాకారిణి. జ్యోతి మైదానము విడువలేదు. తాను ముందు కదలలేదని, చిత్రము మరల చూడుడని నిలిచి వాదించినది. అభ్యంతరమును నమోదు చేసికొని ఇద్దరిని పరుగెత్తనిచ్చిరి. ఆమె 12.91 సెకనులలో మూడవదిగా వచ్చినది. పిమ్మట వూ యన్నీని తొలగించి, జ్యోతికి రజతపతకము నిచ్చిరి.

మనస్సు చెదరిన ఆ కొన్ని నిమిషములు లేకున్నచో ఆమె ఇంకను వేగముగా పరుగెత్తెడిదేమో! అది తిరిగి తెచ్చి యిచ్చుట ఎవరి తరమును కాదు. అయినను ఆ దినమున అధికారులు చేసిన ఒక పని మాత్రము మెచ్చదగినది. తమ మాటను తామే మరల పరిశీలించుకొనిరి. పెద్దల పోటీలలో ఇందుకు నియమము కలదు: ఫలితము ప్రకటించిన ముప్పది నిమిషములలోగా అభ్యంతరము చెప్పుకొనవచ్చును, వినుటకు ఒక సంఘముండును.

పిల్లల పందెములో అట్టి సంఘముండదు, చిత్రము తీయు యంత్రముండదు. ఫలితము మైకులో చదివిన మరుక్షణమే తరువాతి పందెమునకు ఈల మ్రోగును. తొమ్మిదేండ్ల పిల్ల తాను రెండవదానినని ఎవరితో చెప్పుకొనవలెను? పంతులుగారితోనా, బహుమానములబల్లయొద్ద కూర్చున్న ప్రెసిడెంటుగారితోనా? ఏడ్చుచు తల్లియొద్దకు పోవును; తల్లి ఊరకుండుమనును. కోనసీమ బళ్లలో ఈ సంక్రాంతి పిమ్మట పోటీలు నడుపువారికి మా విన్నపమొకటి. త్రాళ్లు పట్టువారిని, గడియారములవారిని, నీళ్లవారిని పేరుపేరున ఎన్నుకొనునప్పుడు మరియొకరిని కూడ ఎన్నుకొనుడు. వారికి వేరే పని యుండరాదు. ముగింపుగీతకు ఇవతల, చెట్టు నీడను, ఒక పుస్తకము పెన్సిలుతో కూర్చుండవలెను. పందెము మొదలు కాకముందే పిల్లలందరికిని వారిని చూపి, ఏమైన చెప్పవలసియున్నచో వీరితో చెప్పుడని చెప్పవలెను. ఆ చోటున కూర్చుండుటకు బాలికల బడిలో పనిచేసి విరమించిన పంతులమ్మగారెవరైన దొరకినచో మరియు మంచిది.